ఆర్మీ కెప్టెన్, నేవీ కెప్టెన్ ఒకటేనా?

కాదు. పేరు ఒకటే, హోదా వేరు. భారత ఆర్మీలో కెప్టెన్ అంటే భుజం మీద మూడు నక్షత్రాలున్న కుర్ర ఆఫీసరు. నేవీ కెప్టెన్‌కి నాలుగు బంగారు పట్టీలుంటాయి, ఆయన ఆర్మీ కల్నల్‌తో సమానం. అంటే ఏకంగా మూడు మెట్లు పైన. ఆర్మీ కెప్టెన్‌కి సరిజోడు నేవీలో లెఫ్టినెంటే. బ్రిటన్, అమెరికాల్లోనూ ఇదే తేడా. దీనికి తోడు, చిన్న యుద్ధనౌక బాధ్యత కమాండర్ హోదా (నేవీ కెప్టెన్‌కి ఒక మెట్టు కింద) ఉన్నాయన చూసినా, ఆ ఓడలో వాళ్లకి ఆయన 'కెప్టెనే'. కొత్తవాళ్లు తికమకపడేది ఇక్కడే!

ఇక వాడుక పేర్లంటారా, అమెరికాలో కల్నల్ గుర్తు గద్ద కాబట్టి 'బర్డ్ కల్నల్', లెఫ్టినెంట్ కల్నల్‌ అయితే 'లైట్ కల్నల్'. అంతెందుకు, భారత ఆర్మీలోనే హవల్దార్‌ని ట్యాంకుల రెజిమెంట్లలో దఫేదార్ అంటారు.