సెస్‌క్విపెడేలియన్: అడుగున్నర మాట

ఇంగ్లీషులో ‘సెస్‌క్విపెడేలియన్’ అంటే చాలా పొడవైన మాట అని నిఘంటువులో ఉంది, మరి అందులో ‘పెడ్’ ఎందుకుందని అడిగారు. ఆ ‘పెడ్’ పాదమే. అక్షరాలా అర్థం చెప్పుకుంటే ‘అడుగున్నర పొడవున్నది’ అని.

లాటిన్ మూలాలు వెతకడం నాకు ఏళ్ల నాటి అలవాటు. అన్నిటికన్నా నాకు అక్కరకొచ్చిన పద్ధతి ఒకటుంది: నిఘంటువులో నామవాచకం పక్కనే ఇచ్చే రెండో రూపాన్ని, అంటే షష్ఠీ విభక్తి రూపాన్ని చూడటం. లాటిన్‌లో పాదం ‘పేస్’. అది చూస్తే మీ ఇంగ్లీషు మాట గుర్తుకే రాదు. పక్కన ‘పెదిస్’ అని ఉంటుంది. మొదటి రూపంలో కనబడని ‘ద’ అక్కడ బయటపడుతుంది. రాజుకు ‘రేక్స్’ అంటారు. ‘రేగిస్’ దాకా వెళితేనే ‘రీగల్’ (రాజసమైన) దొరుకుతుంది. సంస్కృతం నుంచి మనకొచ్చిన ‘పాదం’ కూడా ఈ ‘పెదిస్’కు దాయాదే.

ముందున్న ‘సెస్‌క్వి’ నాకు మరీ ఇష్టం. ‘సేమిస్’ అంటే సగం, ‘క్వె’ అంటే ‘మరియు’. రెండూ కలిసి ‘ఇంకో సగమూ’ అన్నట్టు. ఒకటి అన్న సంఖ్య మాటలో ఎక్కడా లేదు, మనమే చేర్చుకోవాలి. ఈ ‘క్వె’ మాట చివర అతుక్కుంటుంది, సంస్కృతంలో ‘రామశ్చ’లోని ‘చ’ లాగే. ఆ రెండింటిదీ ఒకే పుట్టుక. 150వ వార్షికోత్సవాన్ని ‘సెస్‌క్విసెంటెనియల్’ అంటారు, అక్కడా ఇదే.

మొదట ఇది వట్టి కొలత మాట. క్రీ.పూ. 55లో రైన్ నది మీద కట్టించిన వంతెనను వర్ణిస్తూ జూలియస్ సీజర్ అడుగున్నర మందమున్న దూలాలను ఈ విశేషణంతోనే చెప్పాడు. దాన్ని మాటలకు తగిలించింది రోమన్ కవి హొరేస్. పేదరికంలో, ప్రవాసంలో ఉన్న గ్రీకు పురాణ వీరులు టెలిఫస్, పీలియస్ నాటకంలో తమ గోడు ప్రేక్షకుడి గుండెకు తాకాలనుకుంటే ఆడంబరాన్నీ, అడుగున్నర మాటలనూ విసిరిపారేస్తారని కవిత్వ కళ గురించిన తన ‘ఆర్స్ పొయెటికా’లో రాశాడు. రోమన్ అడుగు సుమారు 29.6 సెంటీమీటర్లు, అడుగున్నర అంటే 44 పైచిలుకు, ఇంచుమించు మన మూర. అందుకే తెలుగులో ‘మూరెడు మాటలు’ అంటే హొరేస్ మనసుకు దగ్గరగా ఉంటుందని నా అభిప్రాయం. ఇంగ్లీషులోకి ఇది 17వ శతాబ్దంలో వచ్చింది.

అయితే ‘పెడ్’ కనబడిన చోటల్లా పాదం అనుకోకండి. పెడల్, పెడెస్ట్రియన్‌లలో పాదమే. ‘ఇంపీడ్’ (అడ్డుకోవడం) అంటే మొదట కాళ్లకు బంధం వేయడం, ‘ఎక్స్‌పెడైట్’ (త్వరపెట్టడం) అంటే ఆ బంధం విప్పడం. పిల్లల వైద్యమైన పీడియాట్రిక్స్‌లో ఉన్నది మాత్రం గ్రీకు మాట: ‘పైస్’, షష్ఠిలో ‘పైదోస్’, అంటే పిల్లవాడు.