హార్స్ జడ్జింగ్‌లో ప్లేసింగ్స్ బాగా వస్తున్నా రీజన్స్‌లో మార్కులు పోతుంటే ఏం చేయాలి?

ప్రశ్న: మేము టెక్సస్‌లో ఉంటాం. 8వ గ్రేడ్ చదువుతున్న మా అమ్మాయి 4-హెచ్ (అమెరికాలో పిల్లల కోసం నడిచే కార్యక్రమం) హార్స్ జడ్జింగ్ టీమ్‌లో చేరింది. నాలుగు గుర్రాలను మెరుగైనది ముందు వచ్చేలా వరుసలో పెట్టడం (ప్లేసింగ్) బాగానే వస్తోంది, క్లాసుకి (ఒకేసారి పోల్చే నాలుగు గుర్రాలను క్లాసు అంటారు) 50కి 45 దాకా తెచ్చుకుంటోంది. ఆ వరుస ఎందుకు పెట్టావో జడ్జి ముందు నిలబడి చెప్పే ఓరల్ రీజన్స్‌లో మాత్రం 30 దాటట్లేదు. మాకు గుర్రం లేదు, ఇంట్లో ఎవరికీ గుర్రాల సంగతి తెలియదు. మేమేమైనా సాయం చేయగలమా?

జవాబు:

తప్పకుండా చేయగలరు. జడ్జింగ్ టీమ్‌కి సొంత గుర్రం అక్కర్లేదు, స్వారీ రావాలని కూడా లేదు. కావలసింది చూసే పద్ధతి, చూసింది చెప్పే పద్ధతి.

ప్లేసింగ్స్ బాగుండి రీజన్స్ తగ్గితే చాలామంది తల్లిదండ్రులు "పిల్లకి నలుగురిలో మాట్లాడాలంటే బెరుకు" అనుకుని స్పీచ్ క్లాసుల వైపు చూస్తారు. పిల్లల రీజన్స్ వింటూ నేను గమనించినంతలో అసలు ఇబ్బంది అక్కడ ఉండదు. కన్ను గుర్రాన్ని మొత్తంగా చూసి "ఇది బాగుంది" అని వరుస పెట్టేస్తుంది. ఏది దేనికంటే ఎక్కడ మెరుగో విడిగా చూసి ఉండరు. చెప్పాల్సి వచ్చేసరికి సరుకు ఉండదు, బట్టీ పట్టిన పదాలే బయటికొస్తాయి. కాబట్టి ముందు సరిచేయాల్సింది రింగ్ పక్కన నిలబడే ఆ 12, 15 నిమిషాలను.

క్లాసులో గుర్రాలు నాలుగైనా చేయాల్సిన తీర్పులు మూడే: పై జత, మధ్య జత, కింది జత. మార్కుల లెక్క కూడా జతల మీదే నడుస్తుంది. అధికారిక ప్లేసింగ్ 3-1-4-2, కట్స్ 2-5-2 అనుకోండి. అంటే 3కీ 1కీ తేడా 2 పాయింట్లు, 1కీ 4కీ తేడా 5, 4కీ 2కీ తేడా 2. మీ అమ్మాయి 1-3-4-2 అని వేస్తే 2 పోయి 48 వస్తాయి. 3-4-1-2 అని వేస్తే 5 పోయి 45. అదే 4-3-1-2 అని వేస్తే 4ని 1 కంటే ముందు పెట్టినందుకు 5, 3 కంటే ముందు పెట్టినందుకు 2 ప్లస్ 5 కలిపి 7, మొత్తం 12 పోయి 38 మిగులుతాయి. పూర్తిగా తలకిందులు చేస్తే 18. ఈ లెక్క అమ్మాయి చేత కాగితం మీద ఒకసారి చేయించండి. ఎక్కడ తప్పు చేస్తే ఖరీదో అర్థమవుతుంది.

కట్స్ సంగతి రీజన్స్‌కీ పనికొస్తుంది. చాలామంది కోచ్‌లు దీన్ని ఆలస్యంగా చెబుతారు, నా దృష్టిలో మొదటి నెలలోనే చెప్పాలి. తేడా 2 ఉన్న జతలో రెండు గుర్రాలూ దగ్గర దగ్గర, కాబట్టి ఓడిన గుర్రానికున్న మంచిని నిజాయతీగా ఒప్పుకోవాలి. దీన్నే గ్రాంట్ అంటారు. తేడా 5 ఉన్న జతలో గెలిచిన గుర్రం గురించి ధీమాగా, ఎక్కువ వివరంతో చెప్పాలి, గ్రాంట్ ఒక్క ముక్కలో ముగించాలి. అన్ని జతలకూ ఒకే కొలతలో మాట్లాడితే క్లాసు సరిగా చూడలేదని వినే జడ్జికి తెలిసిపోతుంది. అందుకే క్లాసు మొదలవగానే అడగాల్సిన ప్రశ్న "ఏది ఫస్ట్?" అని కాదు, "ఏ తేడా అందరికీ కనిపించేంత పెద్దది?" అని. తేలిగ్గా పైకి వచ్చేది, తేలిగ్గా కిందికి పోయేది ముందు పక్కన పెట్టేస్తే మిగిలిన సమయమంతా దగ్గరగా ఉన్న జత మీద పెట్టవచ్చు.

ఇక చూసే వరుస. క్వార్టర్ హార్స్ (ఒక అమెరికన్ గుర్రాల జాతి) హాల్టర్ క్లాస్‌నే తీసుకుంటాను, టెక్సస్‌లో మీకు ఎక్కువగా తగిలేది అదే. ఇందులో స్వారీ ఉండదు, గుర్రాన్ని పట్టుకుని నిలబెడతారు, నడిపిస్తారు, ట్రాట్ (చిన్న పరుగు) చేయిస్తారు. అమెరికన్ క్వార్టర్ హార్స్ అసోసియేషన్ చూడమనేవి నాలుగు: బ్యాలెన్స్, నిర్మాణంలో సవ్యత, జాతి-లింగ లక్షణాలు, కండ. వీటిలో పెద్దపీట బ్యాలెన్స్‌కే. పిల్లలు మొదట్లో కండకు పడిపోతారు, ఎందుకంటే అది దూరం నుంచే కళ్లలో పడుతుంది. బ్యాలెన్స్ దెబ్బతిన్న గుర్రాన్ని కండ చూసి పైన పెట్టడం దగ్గరే ఎక్కువ మార్కులు పోతాయి.

బ్యాలెన్స్ కోసం పక్క నుంచి, 25, 30 అడుగుల దూరంలో నిలబడి చూడాలి. దగ్గరికి వెళితే ముక్కలు కనిపిస్తాయి గానీ గుర్రం కనిపించదు. మెడ, వీపు, తుంటి మూడూ ఇంచుమించు సమాన భాగాలుగా ఉన్నాయా? మూపు ఎత్తు, వెనక క్రూప్ (తుంటి పైభాగం) ఎత్తు ఒకే మట్టంలో ఉన్నాయా? మెడ పై గీత కింది గీతకు దాదాపు రెండింతలు ఉందా? వీపు గీత పొట్టిగా, పొట్ట కింది గీత పొడవుగా ఉందా? భుజం వాలు 45, 50 డిగ్రీల దగ్గర ఉందా? భుజం దగ్గర కాసేపు ఆగమనండి. భుజం నిటారుగా ఉంటే మూపు ముందుకు జరుగుతుంది, దాంతో మెడ పై గీత కురచవుతుంది, వీపు పొడవవుతుంది, అడుగు పొట్టిగా పడుతుంది. ఒక్క భుజం తప్పు నాలుగు చోట్ల బయటపడుతుంది. ఇది తెలిసిన పిల్ల "మెడ పొట్టి, వీపు పొడవు" అని విడివిడిగా ఏకరువు పెట్టదు. "భుజం నిటారుగా ఉండటం వల్ల మెడ కురచై, వీపు పొడవైంది" అని ఒక్క వాక్యంలో చెబుతుంది. రీజన్స్‌లో మార్కులు తెచ్చేది ఇలాంటి వాక్యమే.

తర్వాత కాళ్లు. ముందు నుంచి చూసేటప్పుడు భుజం కొన నుంచి నేలకు ఒక దారం వేలాడదీసినట్టు ఊహించుకోవాలి. అది మోకాలు, క్యానన్ ఎముక (మోకాలి కింది పొడవాటి ఎముక), ఫెట్‌లాక్ (గిట్టకు పైనుండే కీలు), గిట్ట అన్నింటినీ సరిగ్గా సగానికి చీల్చాలి. క్యానన్ ఎముక మోకాలి మధ్య నుంచి కాక బయటి పక్కకు జరిగి దిగితే అది బెంచ్ నీ, లోపలి వైపు బరువు ఎక్కువ పడుతుంది. గిట్టలు బయటికి తిరిగితే నడిచేటప్పుడు కాలు లోపలికి ఊగి రెండో కాలికి తగలవచ్చు. లోపలికి తిరిగితే కాలు బయటికి తెడ్డు వేసినట్టు ఊగుతుంది. పక్క నుంచి చూసినప్పుడు మోకాలు వెనక్కి వంగి ఉండటం, ముందుకు వంగి ఉండటం కంటే పెద్ద తప్పు, ఎందుకంటే బరువు పడ్డ ప్రతిసారీ కీలు వెనక్కి సాగుతుంది. గుర్రం బరువులో 60 నుంచి 65 శాతం ముందు కాళ్ల మీదే ఉంటుంది కాబట్టి ముందు కాళ్ల తప్పులకు బరువు ఎక్కువ. వెనక నుంచి చూస్తే పిరుదు కొన నుంచి దిగే గీత హాక్‌ని (వెనక కాలి మధ్య కీలు), క్యానన్‌ని సగానికి చీల్చాలి. వెనక గిట్టలు కొద్దిగా బయటికి తిరిగి ఉండటం మామూలే, దాన్ని తప్పుగా పట్టుకుంటే రీజన్స్‌లో నవ్వులపాలవుతారు. హాక్ దగ్గర వంపు మరీ ఎక్కువైతే సికిల్ హాక్డ్, మరీ నిటారైతే పోస్ట్ లెగ్డ్.

ఊళ్లో ఎద్దుల జతలు కొని అలవాటున్న పెద్దవాళ్లు మీ ఇంట్లో ఎవరైనా ఉంటే వీడియో కాల్‌లో ఒక హాల్టర్ క్లాస్ చూపించండి. గుర్రాల పదాలు తెలియకపోయినా కాళ్లు, నడక వాళ్లు ఇట్టే పడతారు. అమ్మాయి వాళ్లకు జవాబు చెప్పుకోవాల్సి రావడమే మంచి సాధన.

నోట్స్ రాసుకోవడంలో ఒక క్రమం ఉండాలి. పేజీ పైన నాలుగు అంకెలు, ఒక్కోదాని పక్కన గుర్తు: "3 సోరెల్ (ఎర్రటి రంగు), నుదుటిన చుక్క. 1 బే (గోధుమ ఒళ్లు, నల్ల జూలు), ఎడమ వెనక కాలికి తెల్ల సాక్." గంట తర్వాత ఆరు క్లాసులు కలగాపులగమైనప్పుడు ఈ గుర్తులే గుర్రాన్ని కళ్లముందుకు తెస్తాయి. కింద మూడు గడులు, ఒక్కో జతకు ఒకటి. ప్రతి గడిలో మూడు ముక్కలు: గెలిచింది ఎందుకు గెలిచింది, ఓడినదానికి ఇచ్చే గ్రాంట్, ఓడినదాని తప్పు. వాక్యాలు రాయకూడదు. "3/1: మెడ సన్నం, అతుకు పైన, భుజం వాలు. గ్రాంట్: 1 వెనక వెడల్పు. తప్పు: 1 ముందు గిట్టలు బయటికి." ఇంతే.

ఆ నోట్స్ మాటలైతే ఇలా ఉంటుంది. పోటీలో ఇంగ్లీషులోనే చెప్పాలి, తీరు తెలియడానికి తెలుగులో రాస్తున్నాను: "ఈ క్వార్టర్ హార్స్ ఆడ గుర్రాల క్లాసును 3-1-4-2గా ప్లేస్ చేశాను. పై జతలో బ్యాలెన్స్ బట్టి 3ని 1 మీద పెట్టాను. 3 మెడ మరింత పొడవుగా, సన్నగా ఉండి, మరింత ఏటవాలుగా ఉన్న భుజంలోకి పైనుంచి అతుక్కుంది. అందువల్ల 1 కంటే పొట్టి వీపు వచ్చింది, తుంటి కూడా మరింత పొడవుగా ఉంది. వెనక నుంచి చూసినప్పుడు 1 స్టైఫిల్ (వెనక కాలి పై కీలు) దగ్గర మరింత వెడల్పుగా ఉందని ఒప్పుకుంటున్నాను. అయితే 1 ముందు గిట్టలు బయటికి తిరిగి, ట్రాట్‌లో కాళ్లు లోపలికి ఊగాయి కాబట్టి దాన్ని రెండో స్థానంలో ఉంచాను." మధ్య జత, కింది జత కూడా ఇదే పోకడ. చివరి గుర్రం ఎందుకు చివరిదో ఒకటి రెండు వాక్యాలు చెప్పి, ప్లేసింగ్ మళ్లీ ఒకసారి చెప్పి ఆపేయాలి.

ఇందులో "బాగుంది", "మంచిది" అనే మాటలు లేవు, గమనించండి. ప్రతి ముక్కా పోలికే, ప్రతి పోలికా శరీరంలో ఒక చోటుని చూపించేదే. ఆడ గుర్రాన్ని "షీ" అనాలి, "ఇట్" అనకూడదు. క్లాసులో అసలు కనిపించని విషయం ఒక్కటి చెప్పినా, అది ఎంత అందంగా చెప్పినా, మార్కులు కోసేస్తారు. క్లాసులోని పెద్ద తేడాను వదిలేసి చిన్నవి పది చెప్పినా అంతే.

స్వారీ క్లాసుల గురించి క్లుప్తంగా. వెస్టర్న్ ప్లెజర్ అనే స్వారీ క్లాసులో వాక్ (నడక), జాగ్ (నెమ్మది పరుగు), లోప్ (దూకుడు పరుగు) అనే మూడు గేట్లు, అంటే నడక తీరులు, రెండు వైపులా చూస్తారు. జాగ్ రెండు బీట్లు (అడుగుల చప్పుళ్లు), లోప్ మూడు బీట్లు. లోప్ నాలుగు బీట్లుగా విరిగితే అది పెద్ద తప్పు, చెవితో కూడా పట్టవచ్చు. చెవి కొన మూపు కంటే కిందికి దిగిపోయి అలాగే ఉండటం కూడా తప్పే. ప్రతి గుర్రం ప్రతి గేట్‌లో ఏం చేసిందో ఒక్కో ముక్క రాసుకోవాలి, లేకపోతే చివరికి గుర్తుండేది తప్పు లీడ్ (లోప్‌లో వేయాల్సిన కాలు కాక రెండోది ముందుకు వేయడం) ఒక్కటే. రైనింగ్ (మెన్యూవర్లు, అంటే విన్యాసాలు, వరుసగా చేయించే స్వారీ పోటీ) వేరే లెక్క: 70తో మొదలై, ప్రతి మెన్యూవర్‌కి మైనస్ ఒకటిన్నర నుంచి ప్లస్ ఒకటిన్నర దాకా అర పాయింట్ల చొప్పున కలుపుతారు, పెనాల్టీలు తీసేస్తారు. స్పిన్ (ఉన్నచోటే చుట్టూ తిరగడం) చుట్టులో ఎనిమిదో వంతు దాకా ఎక్కువో తక్కువో అయితే అర పాయింట్, ఎనిమిదో వంతు నుంచి పావు దాకా అయితే 1 పాయింట్, గేట్ విరిగితే 2. రైనింగ్ రీజన్స్‌లో అంకెలు చదవడం కాదు, ఏ మెన్యూవర్‌లో ఏ గుర్రం తేడా సాధించిందో చెప్పాలి.

చెప్పడానికి గరిష్ఠంగా 2 నిమిషాలు, చేతిలో కాగితం ఉండదు. ఇంగ్లీషులో 250 నుంచి 280 పదాలు పడతాయి. మొత్తం రాసి బట్టీ పట్టడం మానిపించండి. ఒక పదం జారిందంటే తర్వాతి వాక్యం రాదు, పిల్ల నిలబడిపోతుంది. దాని బదులు కళ్లు మూసుకుని మూడు జతల్నీ పక్కపక్కన నిలబెట్టుకుని, గుర్రాన్ని చూస్తూ చెప్పడం అలవాటు చేయాలి.

ఇక్కడే మీరు పనికొస్తారు. అమ్మాయిని ముందు తెలుగులో అడగండి: "3 ఎందుకు పైన?" గుర్రాలు తెలియని మీకు అర్థమయ్యేలా చెప్పగలిగితే ఆ తేడా నిజంగా చూసినట్టే. "ఏమో, బాగుంది" అంటే మళ్లీ వీడియో పెట్టాలి. ఆ తర్వాత ఇంగ్లీషులో చెప్పించి ఫోన్‌లో రికార్డ్ చేయండి, విని, పోలిక లేని వాక్యాలు లెక్కపెట్టండి. వారానికి రెండు క్లాసులు ఇలా చేస్తే చాలు. 4-హెచ్ నడిపే మీ కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసులో ప్రాక్టీస్ వీడియోలు అడగండి. అక్టోబరులో ఒహాయోలోని కొలంబస్‌లో జరిగే ఆల్ అమెరికన్ క్వార్టర్ హార్స్ కాంగ్రెస్ క్లాసులు చూసినా మంచి గుర్రం ఎలా ఉంటుందో కన్నుకు తెలుస్తుంది.

ఇంకొక్క విషయం అమ్మాయికి చెప్పండి. ప్లేసింగ్ రాసిన కార్డు ఇచ్చాక అది మారదు. రీజన్స్ గది బయట మిగతా పిల్లలు వేరే వరుస చెప్పుకుంటుంటే విని తనది మార్చి చెప్పకూడదు, కార్డులో ఏముందో దానికే రీజన్స్ చెప్పాలి. తన వరుస తప్పని తనకే అనిపించినా సరే. ప్లేసింగ్ మార్కులు, రీజన్స్ మార్కులు వేర్వేరుగా వేస్తారు. ఒక జత తారుమారైనా, ఆ జతలో కిందికి పెట్టిన గుర్రం బలాన్ని గ్రాంట్‌లో పూర్తిగా ఒప్పుకుని, చెప్పిన ప్రతి ముక్కా నిజమైతే రీజన్స్‌లో గౌరవమైన మార్కులే వస్తాయి.