ల్యాబ్ పిండం నిలిచినట్టే నిలిచి ఎందుకు పోయింది?

సందేహం: మా రెండు జెర్సీ సంకర ఆవులకు ఒంగోలు ఐవీఎఫ్ (ల్యాబ్‌లో అండాన్ని, వీర్యాన్ని కలిపి తయారుచేసిన) పిండాలు పెట్టించాం. ఒకదానికి నెల రోజుల స్కానింగ్‌లో చూడి అన్నారు, రెండో నెలలో లేదన్నారు. రెండోదానికి ఎనిమిదో నెల. దూడ మరీ పెద్దదవుతుందని భయపెడుతున్నారు. లోపం మేతలోనా?
– పాడి రైతు, పల్నాడు జిల్లా

జవాబు: మేతను తప్పుపట్టే ముందు, పిండానికి మొదటి వారం ఎక్కడ గడిచిందో చూడాలి. తల్లి అండవాహికలో, ఆపై గర్భసంచిలో గడవాల్సిన ఆ ఏడు రోజులు ల్యాబ్ గిన్నెలో గడిచాయి. ఏడో రోజుకు పిండం నీటిబుడగలా ఉంటుంది. దాని పైపొర నుంచి మాయ, లోపలి కణాల ముద్ద నుంచి దూడ వస్తాయి. ఆ ముద్ద అడుగున ఏర్పడే పలుచని పొరే తర్వాత సొనసంచికి లోపలి గోడ. ఆవు పిండంలో సొన ఉండదు కదా, మరి ఈ సంచి ఎందుకంటే, తొలి రక్తకణాలు, తొలి రక్తనాళాలు తయారయ్యేది అందులోనే. మాయ గర్భసంచి గోడకు గట్టిగా అతుక్కునేదాకా పిండానికి అదే ఆసరా. నాలుగో వారం దాటాక సంచి ముడుచుకుంటూ పోతుంది, మాయ ఆ పని అందుకోవాలి. ల్యాబ్ పిండాల్లో మాయ రక్తనాళాలు ఆలస్యంగా, పలుచగా రావడం కనిపించింది. సొనసంచి తగ్గి, మాయ ఇంకా కుదురుకోకపోతే గుండె కొట్టుకుంటున్న పిండం కూడా ఆగిపోతుంది. 30 నుంచి 60 రోజుల మధ్య ఎక్కువ చూలు పోయేది ఇందుకే. అయితే ప్రతి నష్టమూ ల్యాబ్‌దే కాదు. ఏడు రోజుల పిండాన్ని ఎదకొచ్చి 6 నుంచి 8 రోజులైన ఆవుకే, కార్పస్ లూటియం (అండం విడుదలయ్యాక అండాశయంపై ఏర్పడి చూలును నిలిపే గడ్డ) ఉన్న వైపు గర్భసంచి కొమ్ములోనే పెట్టాలి. అక్కడ తేడా వచ్చినా చూలు నిలవదు.

ఈసారి ల్యాబ్‌ను మొహమాటం లేకుండా అడగండి: పిండాన్ని పెంచే కల్చర్ ద్రావణంలో సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) కలుపుతున్నారా? సీరంలో పెరిగిన పిండాలు కొవ్వు చుక్కలతో నల్లబడతాయి, గడ్డకట్టిస్తే సరిగా తట్టుకోవు, దూడలు అతిగా పెరిగే ముప్పూ ఎక్కువ. 2001లో గొర్రెలపై జరిగిన పరిశోధనలో, పెరుగుదలకు కళ్లెం వేసే ఐజీఎఫ్2ఆర్ జన్యువు ఇలాంటి పిండాల్లో మందగించినట్టు తేలింది. సీరం బదులు ఆల్బుమిన్ అనే ప్రోటీన్, 38.5 డిగ్రీల వేడి, గాలిలోని 20 శాతానికి బదులు 5 శాతం ఆక్సిజన్ వాడే ల్యాబ్ మేలు.

ఇక రెండో ఆవు సంగతి. దూడ పెద్దదే అవుతుందని ఖాయం లేదు, కానీ సిద్ధంగా ఉండాలి. పిండం పెట్టిన తేదీకి ఏడు రోజులు ముందునుంచి లెక్క కట్టండి. ఒంగోలు దూడ 285 రోజులు దాటడం మామూలే. 295 దాటితే డాక్టరుకు చూపించండి. పొట్ట రెండు వైపులా కొద్ది రోజుల్లోనే డప్పులా ఉబ్బి, ఆవు మేత మానేసి ఆయాసపడితే అది మాయలో నీరు చేరడం. అదే రోజు వైద్యం అందాలి. ఈనేటప్పుడు నీళ్లసంచి పగిలి ముక్కుతున్నా అరగంటలో కాళ్లు, ముట్టె కనిపించకపోతే నలుగురు కలిసి తాడేసి లాగకండి, గర్భసంచి చిరుగుతుంది. సిజేరియన్ చేయగల పశువైద్యుడితో ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి.