‘ఖచ్చితంగా తొలగించాలా?’ అని అడిగితే సరిపోదా?

ప్రశ్న: మా పనుల జాబితా యాప్‌లో చాలామంది పొరపాటున ‘తొలగించు’ నొక్కేస్తున్నారు. ‘ఖచ్చితంగా తొలగించాలా?’ అని అడుగుతున్నా ఫలితం లేదు. ఏం చేయాలి?

జవాబు: ఆ ప్రశ్న తీసేయండి. రోజుకు పదిసార్లు ఎదురైతే చదవకుండానే ‘సరే’ నొక్కడం వేలికి అలవాటైపోతుంది. నొక్కగానే ఆ పనిని తెర మీద దాచేసి, అడుగున ‘తొలగించాం. వెనక్కి తెచ్చుకోండి’ అన్న పట్టీని ఓ 10 సెకన్లు ఉంచండి. డేటాబేస్‌లోంచి మాత్రం చెరపకండి. తొలగించిన తేదీ నమోదు చేసి 30 రోజులు దాచండి. అసలు తప్పు బటన్ సైజుదీ కావచ్చు. చెత్తబుట్ట బొమ్మ 24 డీపీ (తెర మీద సైజులకు ఆండ్రాయిడ్ వాడే కొలత) ఉన్నా, వేలు తాకే చోటు 48 డీపీ ఉండాలని ఆండ్రాయిడ్ మార్గదర్శకాలు చెబుతాయి. ‘పూర్తయింది’ గడి పక్కనే దాన్ని పెట్టారా? రెండో చివరకు జరపండి. ఖాతా మొత్తం తీసేసేటప్పుడు అడగాల్సిందే. అక్కడా బటన్‌పై ‘సరే’ కాదు, ‘ఖాతా తొలగించు’ అని రాయండి.