శుద్ధి చేసిన స్థలానికి షరతులెందుకు?

ప్రశ్న: మేము కొనదలచిన స్థలంలో ఒకప్పుడు రసాయనాల గిడ్డంగి ఉండేది. శుద్ధి పూర్తయిందంటూనే, ఇళ్లు కట్టరాదని, బోరు వేయరాదని, అనుమతి లేకుండా తవ్వరాదని దస్తావేజులో రాశారు. ఈ షరతులు తొలగుతాయా?

జవాబు: చాలాచోట్ల శుద్ధిని ఆ స్థలం వాడకాన్ని బట్టి నిర్ణయించిన పరిమితి వరకే చేస్తారు. పగలు కొన్ని గంటలు పనిచేసి వెళ్లే పెద్దలకు సరిపోయే పరిమితి, రోజంతా అక్కడే ఉంటూ మట్టిలో ఆడి, ఆ చేతులు నోట్లో పెట్టుకునే పసిపిల్లలకు సరిపోదు; సీసం వంటి లోహాల విషయంలో ఈ తేడా మరీ ముఖ్యం. లోతున మిగిలిన కలుషిత మట్టిపై శుభ్రమైన మట్టి లేదా కాంక్రీటు పరిచినప్పుడు, తవ్వితే ఆ రక్షణ పోతుంది. బోరు వేస్తే కలుషితమైన భూగర్భజలం అటువైపు రావచ్చు. కొన్ని ద్రావకాల ఆవిరి నేల పగుళ్లగుండా గదుల్లోకి చేరుతుంది.

షరతు కాగితంపై ఉన్నంత మాత్రాన చాలదు. అమెరికాలోని లవ్ కెనాల్ వద్ద పూడ్చిన రసాయనాల గురించి 1953 నాటి విక్రయ దస్తావేజులోనే హెచ్చరిక ఉన్నా, అక్కడ బడి కట్టారు, చుట్టూ ఇళ్లు వెలిశాయి. 1978లో కుటుంబాలను తరలించవలసి వచ్చింది.

సాధారణంగా ఇటువంటి షరతులు యజమాని మారినా భూమితోపాటే కొనసాగుతాయి. మిగిలిన కాలుష్యాన్ని తొలగించి, కొత్త పరీక్షలతో నిరూపిస్తే సంబంధిత అధికారులు వాటిని సడలించవచ్చు. కనుక ఏ రసాయనం ఎంత లోతున మిగిలిందో తెలిపే నివేదికను, పైపొర నిర్వహణ బాధ్యత ఎవరిదో తెలిపే పత్రాన్ని చూడకుండా బయానా ఇవ్వకండి. ఇల్లు కట్టుకోవడమే మీ ఉద్దేశమైతే, ఈ స్థలం వద్దనే చెబుతాను.