పాత సెడాన్‌కి వెడల్పు టైర్లు వేస్తే గ్రిప్ పెరుగుతుందా?

పొడి రోడ్డు మీద కొంత పెరుగుతుంది కానీ తడి రోడ్డు మీద తగ్గొచ్చు, అందుకే కంపెనీ సైజులోనే మంచి గ్రిప్ ఉన్న టైరు తీసుకోవడం మేలు. టైరు వెడల్పయ్యేకొద్దీ దాని కింది నీళ్లు త్వరగా పక్కకు పోవు. వేగంలో కారు నీటి మీద తేలి జారుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు పడే నెల్లూరు, ఒంగోలు మధ్య 16వ నంబరు హైవే మీద తిరిగేవాళ్లు దీన్ని అస్సలు తేలిగ్గా తీసుకోకూడదు.

185/65 ఆర్15 (అంటే టైరు వెడల్పు 185 మి.మీ., పక్కగోడ ఎత్తు అందులో 65 శాతం, రిమ్ము 15 అంగుళాలు) సైజు టైర్లు ఉన్న కారుకి 195/60 ఆర్15 వేస్తే చుట్టుకొలత 1 శాతమే తగ్గుతుంది, పర్వాలేదు. అదే 205/65 అయితే 4 శాతం పెరుగుతుంది. స్పీడోమీటరు మునుపటి కంటే తక్కువ చూపిస్తుంది, మలుపుల్లో టైరు మడ్‌గార్డుకి రాసుకోవచ్చు కూడా.

టైరు మీద ‘వి’ అని ఉంటే గ్రిప్ ఎక్కువని చాలామంది అనుకుంటారు. అది గంటకు 240 కిలోమీటర్ల వేగాన్ని తట్టుకుంటుందని మాత్రమే చెబుతుంది.