గంటల్లో తేలిపోయే కాన్పు: పాఠకుల సందేహాలు

ప్రశ్న: మా కోడలికి మొదటి కాన్పు రెండున్నర గంటల్లో అయిపోయింది. ఇప్పుడు మళ్లీ ఎనిమిదో నెల. ఈసారి ఇంకా తొందరగా అవుతుందంటున్నారు. దారిలోనే బిడ్డ పుడితే ఏం చెయ్యాలి? బొడ్డు కొయ్యడానికి బ్లేడు దగ్గర పెట్టుకోవాలా?

జవాబు: బ్లేడు వద్దమ్మా. బొడ్డుతాడు కొయ్యకుండా ఉంచితే బిడ్డకు ఏమీ కాదు. శుభ్రంగా లేని బ్లేడుతో కోస్తే ధనుర్వాతం సోకవచ్చు, ముడి వదులైతే బిడ్డ రక్తం కారిపోతుంది. సంచిలో పెట్టుకోవాల్సింది నాలుగు పొడి తువ్వాళ్లు, బిడ్డకో టోపీ, గట్టి ప్లాస్టిక్ సంచి, శానిటరీ ప్యాడ్లు.

క్రమంగా నొప్పులు మొదలైన మూడు గంటల్లోపు బిడ్డ పుడితే వేగవంతమైన ప్రసవం అంటారు. ఒకసారి అలా అయినవాళ్లకు మళ్లీ అయ్యే అవకాశం ఎక్కువే. కాబట్టి ‘ఐదు నిమిషాలకో నొప్పి వచ్చేదాకా ఇంట్లో ఉండొచ్చు’ అన్న మాట మీ కోడలికి వర్తించదు. నొప్పులు వరస పట్టినా, ఉమ్మనీరు పోయినా వెంటనే బయల్దేరాలి. 36 వారాలు దాటాక ఆమెను ఒంటరిగా వదలొద్దు. పెద్దబిడ్డను ఎవరు చూసుకుంటారో ఇప్పుడే తేల్చుకోండి, అర్ధరాత్రి ఆలస్యమయ్యేది చాలాసార్లు అక్కడే.

నొప్పితో పాటు విరేచనానికి వెళ్లాలన్నంతగా కిందికి నెట్టుకొస్తోందని ఆమె అంటే బాత్రూమ్‌కి పంపకండి. వస్తున్నది బిడ్డ తల. ఇంట్లో ఉంటే కదలకండి, బండిలో ఉంటే పక్కకు ఆపండి. అంబులెన్స్‌కు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టండి. చేతులు కడుక్కుని ఆమెను ఎడమవైపు తిప్పి పడుకోబెట్టండి, లేదా వెనక ఆనిక ఇచ్చి కూర్చోబెట్టండి.

తల కనపడగానే ముక్కొద్దని చెప్పి, నోటితో ‘హు, హు’ అంటూ చిన్న చిన్న ఊపిరి వదలమనండి. ఒక్కసారిగా తల బయటికి దూసుకొస్తే కింద చర్మం చిరుగుతుంది. అరచేతిని తలకు మెత్తగా ఆనించండి, అంతే. వెనక్కి నెట్టడం, ఆమె కాళ్లు దగ్గరికి మూయడం అసలు చెయ్యకూడదు. తల వచ్చాక మెడ చుట్టూ వేలు పోనిచ్చి చూడండి. తాడు చుట్టుకుని వదులుగా ఉంటే తల మీదుగా తప్పించండి. బిగుతుగా ఉంటే గుంజకండి, బిడ్డ పూర్తిగా వచ్చాక విప్పొచ్చు. తర్వాతి నొప్పికి భుజాలు వాటంతటవే వస్తాయి. తల పట్టి లాగొద్దు. బిడ్డ ఒళ్లు జారుడుగా ఉంటుంది కాబట్టి తువ్వాలుతోనే పట్టుకోండి.

పుట్టిన టైము చూసుకుని, వెంటనే తల నుంచి పాదాల దాకా తుడవండి. ఆ తడి తువ్వాలు పక్కన పడేయండి. కంగారులో దాన్నే కప్పేస్తుంటారు, దాంతో బిడ్డ చల్లబడిపోతుంది. తల్లి ఛాతీ మీద ఒంటికి ఒళ్లు తగిలేలా పడుకోబెట్టి, టోపీ పెట్టి, పొడి తువ్వాలు ఇద్దరికీ కలిపి కప్పండి.

ఏడవకపోతే వీపు మీద తువ్వాలుతో గట్టిగా రుద్దండి. తలకిందులుగా వేలాడదీయడం, పిర్ర మీద కొట్టడం, నీళ్లు చల్లడం పనికిరావు. అప్పటికీ ఊపిరి అందకపోతే నిమిషం దాటనివ్వకండి. బిడ్డను చదునుగా వెల్లకిలా పెట్టి, మీ నోటితో బిడ్డ నోరు, ముక్కు కలిపి మూసి, మీ బుగ్గల్లో పట్టేంత గాలి మాత్రమే ఐదుసార్లు ఊదండి. ఛాతీ లేస్తోందా లేదా గమనించండి. ఆపైన ఏం చెయ్యాలో ఫోన్‌లో ఉన్నవాళ్లు చెబుతారు.

మాయ సాధారణంగా అరగంటలోపు పడుతుంది. తాడు పట్టి లాగితే గర్భసంచే తిరగబడి బయటికి రావచ్చు, కాబట్టి ముట్టుకోకండి. పడ్డాక ప్లాస్టిక్ సంచిలో వేసి బిడ్డతో పాటే తీసుకెళ్లండి, ముక్క ఏమైనా లోపల మిగిలిందేమో అక్కడ చూస్తారు. బిడ్డను రొమ్ముకు పట్టించండి, చప్పరిస్తుంటే గర్భసంచి ముడుచుకుంటుంది. తల్లి బొడ్డు దగ్గర చెయ్యి పెడితే గర్భసంచి బంతిలా గట్టిగా తగలాలి. మెత్తగా ఉంటే గట్టిపడేదాకా గుండ్రంగా రుద్దండి. తక్కువ సేపట్లో అంత బలంగా పనిచేసిన గర్భసంచి ఆ తర్వాత సడలిపోవచ్చు. ఈ కాన్పుల్లో రక్తం ఎక్కువ పోవడానికి అదొక కారణం, చిరుగులు రెండోది.

ప్రశ్న: గంటా నలభై నిమిషాల్లో పాప పుట్టింది. ముఖమంతా నీలంగా, చుక్కలు చుక్కలుగా ఉంది. ప్రమాదమా?

జవాబు: ఒళ్లు ఎర్రగా ఉండి ముఖం ఒక్కటే అలా ఉంటే చాలావరకు భయం లేదు. వేగంగా దిగేటప్పుడు పడ్డ ఒత్తిడికి సన్నని రక్తనాళాలు చిట్లి అలా కనిపిస్తుంది, కొన్ని రోజుల్లో తగ్గుతుంది. చూడాల్సింది నాలుక, పెదవుల లోపలి భాగం. అవి గులాబీ రంగులో ఉండాలి. నీలంగా ఉంటే అత్యవసరం. చుక్కలు కొత్తగా ఒంటికి పాకుతున్నా డాక్టర్‌కు చూపించాలి. ఒంటి మీద కమిలిన చోట్లు ఎక్కువగా ఉన్న బిడ్డకు పచ్చకామెర్లు కూడా కాస్త ఎక్కువ రావచ్చు, కళ్లలో పసుపు గమనిస్తుండండి.

ఊపిరి కూడా లెక్కపెట్టండి. త్వరగా పుట్టిన కొందరి ఊపిరితిత్తుల్లో ద్రవం మిగిలిపోయి ఆయాసం వస్తుంది. పాప నిదానంగా ఉన్నప్పుడు చొక్కా పైకి తీసి పొట్ట లేవడం చూస్తూ నిండా ఒక నిమిషం లెక్కించండి. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే తప్పొస్తుంది, ఎందుకంటే పసిపిల్లలు మధ్యమధ్యలో కొన్ని సెకన్లు ఊపిరి ఆపుతుంటారు. 60 దాటినా, ముక్కుపుటాలు ఎగురుతున్నా, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతున్నా వెంటనే తీసుకెళ్లండి.

ప్రశ్న: కుట్లు పడలేదు, మా ఆవిడ నడుస్తోంది. సాయంత్రమే ఇంటికి తీసుకెళ్లిపోవచ్చా?

జవాబు: కనీసం 24 గంటలు ఉంచండి. కాన్పు తేలిగ్గా అయినంత మాత్రాన రక్తస్రావం భయం పోదు. గంటలోపే ప్యాడ్ పూర్తిగా తడిసిపోతున్నా, పెద్ద గడ్డలు పడుతున్నా, లేవగానే కళ్లు తిరుగుతున్నా నర్సును పిలవాలి. కాన్పవగానే పట్టే వణుకు మామూలే, దుప్పటి కప్పితే కాసేపట్లో తగ్గుతుంది. ఆమె మాట్లాడకుండా శూన్యంలోకి చూస్తుంటే బిడ్డ మీద ఇష్టం లేదనుకోకండి. ఏం జరిగిందో మనసుకు ఎక్కేంత వ్యవధి దొరకలేదు. నొప్పి ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు బయల్దేరారు, బిడ్డ ఎన్నింటికి పుట్టింది అనేది వరసగా చెప్పండి, ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు చెప్పండి. రెండు వారాలు దాటినా అలాగే ఉంటే డాక్టర్‌తో మాట్లాడాలి.